ఆబ్రీ థ్రెల్ఫాల్ పలకని ఆఖరి మాట

ఆబ్రీ థ్రెల్ఫాల్ నలభై ఏళ్లకు పైగా రంగస్థలం మీద మాట్లాడాడు. అయినా ఏ నాటకంలోనూ ఆఖరి మాట ఆయనది కాలేదు. మొదటి మాటలు కొన్ని దక్కాయి. "అమ్మగారూ, మీకోసం ఇన్‌స్పెక్టరు గారొచ్చారు" వంటివి. నడిమి మాటలకైతే అంతే లేదు. తలుపు తెరిచేవాడు ఆయనే, టీ పళ్లెం తెచ్చేవాడు ఆయనే, మొదటి అంకంలో అనుమానం రేకెత్తించి రెండో అంకంలో ఎవరూ పట్టించుకోకుండానే నిర్దోషిగా తేలిపోయేవాడూ ఆయనే. జీవితమంతా ఇతరుల వాక్యాలకు వంతెనగా ఉండిపోవడంలో అవమానమేమీ లేదు. వంతెన మీద ఎవరూ ఇల్లు కట్టుకోరు గాని, అది లేకపోతే ఏటి అవతల ఇల్లు కట్టుకునేవారే ఉండరు. ఆబ్రీ ఈ తత్త్వాన్ని అంగీకరించినట్టే కనిపించేవాడు. పక్కవాడి పేరు గోడ ప్రకటన మీద పెద్ద అక్షరాల్లో పడినప్పుడు మాత్రం కొంత పునరాలోచన చేసేవాడు.

ఆయన ఉత్తర ఇంగ్లండులోని లాంకషైర్‌లో పంది మాంసం కొట్టు నడిపే ఎఫ్రయిమ్ థ్రెల్ఫాల్‌కు ఒక్కగానొక్క కొడుకు. నటుడవుతానని కొడుకు చెప్పినప్పుడు తండ్రి కత్తి నూరడం ఆపలేదు. "నిన్నటి సాసేజిని ఇవాళ్టిదని నమ్మించడం నటన కాదట్రా? ఆ పనేదో ఇక్కడే చేసుకో. అమ్ముడుపోకపోతే తినడానికైనా పనికొస్తుంది" అన్నాడు. ఆబ్రీ వినలేదు. తండ్రి వాదంలో లోపమెక్కడుందో మాత్రం ఆ తరువాత ఎన్నడూ ఆయనకు దొరకలేదు.

చేరింది వారానికో నాటకం వేసే కంపెనీలో. పగలు వచ్చే వారం నాటకానికి రిహార్సలు, సాయంత్రం ఈ వారం నాటకం. ఆ బతుకులో గుర్తుంచుకోవడం సగం విద్యే. మరచిపోవడం మిగతా సగం. శనివారం తెర దిగగానే ఆ నాటకాన్ని బుర్రలోంచి పూర్తిగా ఊడ్చెయ్యాలి. లేకపోతే సోమవారం కొత్త నాటకంలోని పెళ్లికొడుకు నిండు విందులో లేచి పాత నాటకపు శవం సంగతి అడుగుతాడు. జ్ఞాపకశక్తిని పొగిడినవారు లోకంలో చాలామంది; మరపును సాధన చేసినవారు మునులూ, వారపు నాటకాల నటులూ మాత్రమే. ఈ రెండో తెగలో ఆబ్రీది అందె వేసిన చెయ్యి. ఆదివారం మధ్యాహ్నానికి ఆయన మనసు కడిగిన పలకలా ఉండేది. దాని మీద అసలు ఏమైనా రాసి ఉండేదా అని గిట్టనివాళ్లు అడిగేవారు.

ఒక్కసారి మాత్రం చెయ్యి జారింది. ఒక హత్య నాటకంలో "ఇంతకీ కల్నల్ ఎక్కడ?" అనే ప్రశ్న మొదటి అంకంలోనూ ఉంది, మూడో అంకంలోనూ ఉంది. మొదటిసారి అడిగితే తోటలో ఉన్నాడనాలి. మూడో అంకంలో అడిగితే పుస్తకాల గదిలో శవమై పడి ఉన్నాడనాలి. నౌకరు వేషంలో ఉన్న ఆబ్రీ మొదటి అంకంలోనే రెండో జవాబు చెప్పాడు. ఎదుటి నటి చేసేదేమీ లేక కెవ్వుమంది. నాటకం ఒక్క గెంతున మూడో అంకంలో పడింది. తోటలోంచి రావడానికి పైపు వెలిగించుకుని పక్క తెర చాటున నిలబడ్డ కల్నల్‌కు తాను చనిపోయినట్టు అక్కడే తెలిసింది. ఎవరు చంపారో, ఎందుకు చంపారో తేలకుండానే తెర దిగింది. ప్రేక్షకులు ఆధునిక నాటకం ఇలాగే ఉంటుంది కాబోలనుకుని మర్యాదగా చప్పట్లు కొట్టి ఇళ్లకు పోయారు.

ఆ సాయంత్రం తెర చాటునుంచి నటులకు మాటలు అందించే ప్రాంప్టరు వేల్స్ నుంచి వచ్చిన డిలిస్ ప్యూ. క్షమాపణ చెప్పుకోవడానికి ఆబ్రీ ఆమె దగ్గరికి వెళ్లాడు.

"క్షమాపణ దేనికయ్యా? ఈ కంపెనీలో చేరాక నేను వెలుతురుండగా ఇల్లు చేరబోవడం ఇదే మొదలు. ఇంకొక్కసారి ఇలా చేశావంటే నిన్నే పెళ్లాడతాను," అంది డిలిస్.

ఆబ్రీ మళ్లీ ఆ తప్పు చెయ్యలేదు. డిలిస్ తన షరతును తానే మరచి ఆయన్ని పెళ్లాడింది.

సినిమాల్లోనూ ఆయనకు చోటు దొరికింది, ఎక్కువగా నేల మీద. ఊపిరి బిగబట్టి కదలకుండా పడుకోవడంలో ఆయనకు పేరుండేది. లండన్ దగ్గరి స్టూడియోలవాళ్లు శవం కావలసి వస్తే "ఆ ఉత్తరాది ఆయన్ని పిలవండి, కనురెప్ప ఆడదు" అనేవారట. ఒక చిత్రంలో మాత్రం మాటలున్న వేషం దొరికింది. బల్ల వెనక కూర్చుని సాక్షిని ప్రశ్నించే పోలీసు సార్జెంటు. కత్తిరింపుల తరువాత తెర మీద మిగిలింది సాక్షి ముఖమూ, ఆబ్రీ మెడ వెనక భాగమూ. ఆయన తల్లి ఆ చిత్రాన్ని వారం పొడుగునా చూసి, ఆ మెడ తన కొడుకుదేనని పక్కనున్నవారందరికీ చెప్పింది. మెడ బాగా నటించిందని డిలిస్ కూడా ఒప్పుకుంది. డిలిస్ నోట మెప్పు అంతకు మించి రావడం అరుదు.

అలాంటి మనిషికి అరవై తొమ్మిదో ఏట ఆఖరి మాట దక్కింది.

హెస్కెత్ బే అనే సముద్రతీరపు పట్నంలో, పాత నాటకశాలకు కొత్త దర్శకుడు వచ్చాడు. పేరు క్రిస్పిన్ వేల్, విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాడు. చలికాలంలోనూ చెప్పులు వేసుకుంటాడు, పెద్దవాళ్లను సైతం పేరు పెట్టే పిలుస్తాడు. అతడు ఎంచుకున్న నాటకంలో ఒక కుటుంబం తండ్రిని పాతిపెట్టి వచ్చి భోజనానికి కూర్చుంటుంది. పంపకాల దగ్గర మాటా మాటా పెరిగి ఒక్కొక్కరే లేచి వెళ్లిపోతారు. చివరికి బల్ల దగ్గర మిగిలేది ఎవరూ లెక్కచెయ్యని ముసలి మేనమామ ఒక్కడే. ఆయన ఒక మాట అంటాడు, తెర దిగుతుంది. ఆ మేనమామే ఆబ్రీ.

రిహార్సలు మొదలైంది. అందరూ లేచి వెళ్లిపోయారు. ఆబ్రీ ఒంటరిగా నిలబడి, గొంతు సవరించుకుని, ఎంతో భావంతో, "టంటం టటంటం టంటం" అన్నాడు.

"ఆగండాగండి. ఏమిటది?" అన్నాడు క్రిస్పిన్.

"ఆఖరి మాట అబ్బాయ్."

"పుస్తకంలో అలా లేదే!"

"పుస్తకంలో ఉన్నది మొదటి ప్రదర్శన నాడు. అంతదాకా టంటమే."

అది అక్కడి నటుల పట్టింపు. గ్రీన్ రూమ్‌లో ఈల వెయ్యరు, నెమలి ఈకను లోపలికి రానివ్వరు, ప్రేక్షకులు లేకుండా నాటకపు ఆఖరి మాట పలకరు. మంగళం ముందే పాడేశాక ఇక కథ దేనికి? పూర్తయిన వస్తువు మీద విధి కన్ను పడుతుందని వాళ్ల భయం. నవ్వి తోసెయ్యదగినదే గాని, ఆ భయం వెనక ఒక ఆలోచన లేకపోలేదు. పూర్తి కావడమంటే ఇతరుల ఎదుట పూర్తి కావడమే. ఖాళీ కుర్చీల ముందు ముగిసినది ముగిసినట్టు కాదు.

క్రిస్పిన్‌కు ఈ ఆలోచన రుచించలేదు. "ఆ మాట మీదే దీపాలు తగ్గాలి. తెర దిగాలి. అది విననిదే నేను ముగింపు ఎలా కట్టేది, ఆబ్రీ?"

"పొడవు కావాలంటే చెబుతాను. టంటం టటంటం టంటం. అంతే పొడవు."

ఆబ్రీతో ఒకే గదిలో వేషం వేసుకునే డెన్‌జిల్ క్రాపర్ పక్క తెర చాటునుంచి తల బయటపెట్టాడు. ఈ నాటకంలో పాదిరీ వేషం అతడిదే. ఆబ్రీకి ఒంట్లో బాగా లేకపోతే మేనమామ వేషానికి బదులు నటుడూ అతడే. "బాబూ, ఆయన చేత ఆ మాట అనిపించావో, నేను ఇప్పుడే టోపీ పెట్టుకుని పోతాను. బోల్టన్‌లో ఒకడు ఇలాగే అన్నాడు. ఆ వారమే నాటకశాల కప్పు కూలింది."

"కప్పు చెద తిని ఉంటుంది," అన్నాడు క్రిస్పిన్.

"చెదకు ఆ వారమే తీరిక దొరికిందా మరి?"

ప్రాంప్టరు పని కూడా చూసే స్టేజ్ మేనేజరు మిస్ హాల్‌స్టెడ్ ప్రాంప్టు పుస్తకాన్ని టప్పున మూసి దాని మీద మోచేయి ఆనించింది. క్రిస్పిన్ ఆనాటికి తగ్గాడు. కాని అతడు తెలివితక్కువవాడు కాడు. ఆబ్రీ ఆఖరి మాటను మింగడమే కాదు, నడిమి మాటల్లోనూ రెండు మూడు చోట్ల తడబడడం గమనించాడు. సాయంత్రం ఒంటరిగా పట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"ఒక్కమాట నిజం చెప్పండి. ఇది పట్టింపేనా, లేక ఆ మాట మీకు రావడం లేదా?"

"నలభై ఏళ్ల నటుణ్ని పట్టుకుని..."

"అందుకే అడుగుతున్నాను. డ్రెస్ రిహార్సలు దాకా చూస్తాను. తడబాటు ఇలాగే ఉంటే డెన్‌జిల్ చేత వేయిస్తాను. మీమీద కోపం ఉండి కాదు."

కోపం ఉండి కాదని చెప్పి చేసే పనులే ఎక్కువ నొప్పిస్తాయి. ఆబ్రీ సముద్రపు గాలిలో ఇంటికి నడిచాడు. ఒకసారి మాటలు మరచిపోతాడని పేరు పడితే ఆ వయసులో మరే కంపెనీ పిలవదు. శవం వేషానికి కూడా ఇప్పుడు కుర్రవాళ్లు వస్తున్నారు. ఈ వేషం పోతే, పోయేది వేషం ఒక్కటే కాదు.

మరునాడు ఉదయం వంటింట్లో డిలిస్ పొగబెట్టిన హెర్రింగు చేపలు వేయిస్తూ, ఒక చేత్తో నాటకం పుస్తకం పట్టుకుని, మిగతా పాత్రల మాటలు చదివింది. ఆబ్రీ జవాబులు చెప్పుకుంటూ వచ్చాడు. చివరికి "టంటం" అన్నాడు.

"ఇది నాటకశాల కాదు, వంటిల్లు. ఇక్కడ చెప్పొచ్చు," అంది డిలిస్.

"పట్టింపు పట్టింపే."

"కప్పు కూలితే నేను చూసుకుంటాలే. చెప్పు."

ఆబ్రీ రొట్టె ముక్కకు వెన్న రాయడంలో అవసరానికి మించిన శ్రద్ధ చూపించాడు. డిలిస్ పొయ్యి తగ్గించింది.

"రాదు కదూ?"

"పొద్దున లేవగానే వస్తుంది. టీ తాగేలోపు పోతుంది," అన్నాడాయన. "చిన్న మాటే. చాలా మామూలు మాట. అందుకే నిలవడం లేదు. పట్టుకోవడానికి ఒక కొమ్మైనా లేదు దానికి."

"ఎన్నాళ్లనుంచి?"

"పట్టింపు గుర్తొచ్చినప్పటినుంచి."

డిలిస్ నవ్వలేదు. చేపను పళ్లెంలో వేసి, "మరచిపోవడం నేర్చుకోవడానికి నీకు వారాలు పట్టలేదు. మానెయ్యడానికి మాత్రం బతుకంతా చాలేట్టు లేదు," అంది. ఆ మాటలో ఎకసెక్కమే ఉంది గాని, ఆయన కప్పులో టీ పోసిన చెయ్యి మాత్రం మెత్తగానే కదిలింది. ఆబ్రీ నేర్చిన విద్య ఇప్పుడు ఆయన అనుమతి లేకుండానే పని చేస్తోందని ఇద్దరికీ అర్థమైంది. తన మాట వినే కుక్కను పెంచుకున్నవాడు, ఒకనాడు అది తనను చూసే మొరిగితే ఎలా నిలబడిపోతాడో ఆబ్రీ అలా కూర్చున్నాడు.

ఆనాటినుంచి డిలిస్ నడిమి మాటలను ఆయన చేత రుబ్బించింది. ఆఖరి మాట జోలికి పోలేదు. డ్రెస్ రిహార్సలులో ఆబ్రీ ఎక్కడా తడబడలేదు. చివర "టంటం" అన్నాడు. క్రిస్పిన్ ఆయన్ని చాలాసేపు చూసి, "సరే. రేపు మీ ఇష్టం, మీ దేవుడి ఇష్టం," అన్నాడు. వేషం నిలిచింది. ఇక మిగిలింది ఆ ఒక్క మాట.

మొదటి ప్రదర్శన నాడు నాటకశాల ముప్పాతిక నిండింది. వర్షం పడుతుండడం కూడా కొంత సాయం చేసింది. డిలిస్ అయిదో వరుసలో పిప్పరమెంట్లు చప్పరిస్తూ కూర్చుంది. నాటకం సాఫీగా నడిచింది. కుటుంబం కలహించుకుంది, ఒక్కొక్కరే కుర్చీలు నెట్టి లేచి వెళ్లిపోయారు. ఎంగిలి పళ్లాలు, సగం తిన్న హామ్, కోసిన రొట్టె పరిచి ఉన్న బల్ల ముందు ముసలి మేనమామ మిగిలాడు.

ఆబ్రీ నోరు తెరిచాడు. మాట లేదు.

ఎక్కడ చూసినా లేదు. ఉండవలసిన చోట ఆదివారం మధ్యాహ్నపు పలక ఉంది. ఆయన నోరు మూశాడు.

ప్రాంప్టరు అందించవలసిన సమయం అదే. పక్క తెర చాటున మిస్ హాల్‌స్టెడ్ వేలు ఆ వాక్యం కిందే ఉంది. కాని మౌనంలో ఉన్న నటుడికి మాట అందించడం ప్రాంప్టరు చెయ్యగల తప్పులన్నిటిలోకీ ఘోరమైనది. మరచిపోయినవాడికి అందించాలి, ఆగినవాణ్ని ఆగనివ్వాలి. ఏ నటుడు ఎక్కడ ఎంతసేపు ఆగుతాడో రిహార్సళ్లలో గుర్తుపెట్టుకుంటేనే ఆ తేడా తెలుస్తుంది. ఈ మాటకు రిహార్సలే లేదు. మాటకు లేనప్పుడు దాని ముందరి మౌనానికి మాత్రం ఎక్కడనుంచి వస్తుంది? ఆమె నోరు తెరిచి, తెరిచినట్టే ఉంచేసింది. తెర తాడు పట్టుకున్నవాడు ఆమెను చూశాడు. దీపాలవాడు తెర తాడువాణ్ని చూశాడు. వెనక వరుసలో నిలబడ్డ క్రిస్పిన్ కంఠం దగ్గరి గుండీ ఒకటి తెంపుకున్నాడు. ఒక పట్టింపును అందరూ కలిసి ఎంత భక్తిగా కాపాడారంటే, ఇప్పుడు దాని పొట్టలో అందరూ కలిసే చిక్కుకున్నారు.

అయిదో వరుసలో డిలిస్ పిప్పరమెంటు చప్పరించడం ఆపింది. ఆమెకు తెలుసు. ఆబ్రీ ఎడమ చెవి ఎరుపెక్కింది. పెళ్లికి ముందు కల్నల్‌ను ముందుగా చంపిన నాడూ అది అలాగే ఎరుపెక్కింది.

చేసేదేమీ తోచని మనిషి చేతులు చేతికందిన పని చేస్తాయి. ఆబ్రీ ఒక పళ్లెం తీసి ఇంకో పళ్లెం మీద పెట్టాడు. మూడోది దాని మీద పెట్టాడు. హామ్ ముక్కలను ఒక చోటికి చేర్చాడు. మాంసం కొట్టువాడి కొడుకు గనక కొవ్వు అంచును చూసి కాస్త విచారించి, కత్తిని తుడిచి పక్కన పెట్టాడు. ఒకరి గ్లాసులో మిగిలిన బీరును మరొకరి గ్లాసులో వంచాడు. హాలులో ఎవరో దగ్గబోయి మానుకున్నారు. ఆయన తొందరపడలేదు; తొందరపడితే బల్ల ఖాళీ అవుతుంది, ఖాళీ అయ్యాక ఏం చెయ్యాలో ఆయనకు తెలియదు. గొప్ప నటన కాదది. అసలు నటనే కాదది. భయపడుతున్న ముసలివాడు బల్ల సర్దడం. అయితే తండ్రిని పాతిపెట్టిన ఇంట్లో ముసలి మేనమామ కూడా సరిగ్గా అదే చేస్తాడు.

చివరికి రొట్టె ఒక్కటే మిగిలింది. ఆబ్రీ దాన్ని గుడ్డలో చుట్టాడు. అటూ ఇటూ చూశాడు. చేతిలో రొట్టె పెట్టుకుని, తినేవాళ్లు లేని ఇంట్లో, ఎవరైనా ఏమంటారు?

"ఈ రొట్టె రేపటికి ఉంటుందిలే," అన్నాడు.

పుస్తకంలో ఉన్నది "మిగిలిన రొట్టె రేపటికి పనికొస్తుంది" అని. మిస్ హాల్‌స్టెడ్ పెదవి కొరుక్కుని, చెయ్యి దించింది. తెర దిగింది. అవతల కొంతసేపు ఏ చప్పుడూ లేదు, ఆ తరువాత చాలా చప్పుడైంది.

డెన్‌జిల్ గదిలోకి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "ఒరే దొంగా! అంతసేపు వేదికంతా దోచుకుంటావట్రా? నేను పక్కన నిలబడి మూడుసార్లు ప్రార్థన చేశాను, నాది పాదిరీ వేషమని గుర్తొచ్చి."

ఆబ్రీ జవాబు చెప్పేలోపే క్రిస్పిన్ పరుగున వచ్చాడు. కళ్లు తడిగా ఉన్నాయి. తడబాటు సంగతీ, పట్టింపు సంగతీ అతడికి ఇప్పుడు గుర్తున్నట్టు లేదు. "ఆ మౌనం! ఆ పళ్లాలు! ఎవరికీ చెప్పకుండా దాచి ఉంచారన్న మాట! రేపు కూడా అచ్చంగా అలాగే చెయ్యండి."

"అలాగే అంటే?"

"వెతుకుతున్నట్టు. మాట కోసం వెతుకుతూ దొరకనట్టు. మీకు తెలియదా ఏమిటి, మీరే కదా చేసింది!"

ఆబ్రీ ముఖానికి పూసుకున్న రంగు కింద ఇంకో రంగు మారింది. మరచిపోవడం ఆయనకు చేతనవును. మరచిపోయినట్టు ఉండడం ఆయన ఎప్పుడూ చెయ్యలేదు. రెండో నాడు ఉదయంనుంచి ఆ మాట నాలుక మీదే కూర్చుంది. టీ తాగినా పోలేదు, నిద్రపోయి లేచినా పోలేదు. ఒకసారి నలుగురి ముందు పలికేశాక అది ఇంటి పిల్లిలా చనువుగా తిరగసాగింది. సాయంత్రం అది నోట్లో ఉండగానే, లేనట్టు, ఆయన పళ్లాలన్నీ ఒక్కొక్కటే పేర్చవలసి వచ్చింది. పొరుగువాడి ఇంట్లో నడుస్తున్నంత జాగ్రత్తగా తన చేతుల్లో తానే నడిచాడు. జీవితమంతా నటుడని పిలిపించుకున్న మనిషికి నటించడం ఇంత కష్టమని ఆ సాయంత్రమే తెలిసింది.

మరునాడు ఉదయం డిలిస్ చేపలు వడ్డించి ఎదురుగా కూర్చుంది. రెండు ప్రదర్శనలూ అయిదో వరుసలోనే కూర్చుని చూసింది. ఎలా ఉందని ఆబ్రీ అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.

"మొన్న నువ్వు మరచిపోయావు. ఎడమ చెవి ఎర్రబడింది," అంది చివరికి.

"ఊఁ."

"నిన్న కూడా ఎర్రబడింది."

ఆబ్రీ ముల్లు తీస్తున్న చేపను వదిలి తలెత్తాడు.

"నిన్న నీకు మాట గుర్తుందా, లేదా?" అని అడిగింది డిలిస్. "చూస్తూనే ఉన్నాను, చెప్పలేకపోయాను. ఇన్నేళ్లలో నీ ముఖం చూసి చెప్పలేకపోవడం నాకు ఇదే మొదటిసారి."

తనకు లభించినది మెప్పు అని ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఒక్క క్షణం ఆయన తండ్రి కొట్టు ముందు నిలబడ్డ కుర్రవాడిలా కనిపించాడు.

"చెప్పను," అన్నాడు.

"చెప్పవూ?"

"చెబితే ఈ సాయంత్రం నువ్వు అక్కడ కూర్చుని నా చెవి చూడవు."

"చేప చల్లారిపోతోంది, తిను," అంది డిలిస్. చెవి వంక చూస్తూనే ఉంది.